కత్తెర నోట ఆగిన మాట

ఆ కాలనీలో అతన్ని అసలు పేరుతో పిలిచేది తపాలా మనిషి ఒక్కడే. మిగతా అందరికీ అతను కత్తెర. మంగలి దుకాణంలో కూర్చుంటే, "కుర్చీలో ఒక కత్తెర, చేతిలో ఒక కత్తెర, దేంతో దేన్ని కత్తిరించను సారూ?" అని మంగలి ప్రతిసారీ అదే హాస్యం ఆడేవాడు. అతను ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేవాడు.

నిజానికి అంత మెత్తని మనిషి ఆ వీధిలో ఇంకొకడు లేడు. చీమల బారు అడ్డం వస్తే తనే ఆగి, అవి పోయాక కదిలే రకం. అతను మెట్లు ఎక్కుతుంటే వాన వెలిశాక చూరు నుంచి జారే చుక్కలంత చప్పుడు కూడా ఉండేది కాదు. అలాంటి వాడికి ఆ పేరు పెట్టింది అతని ఉద్యోగం.

రాకెట్లు ప్రయోగించే కేంద్రంలో కిటికీలు లేని గది ఒకటుంది. ఊరంతా తలెత్తి ఆకాశం చూసే రోజున ఆ గదిలో కొందరు తల వంచుకుని కాగితం చూస్తారు. రాకెట్ లేచినప్పటి నుంచి ఒక యంత్రం తనను తాను ఒకటే ప్రశ్న అడుగుతూ ఉంటుంది: ఈ క్షణంలో దీని మంట ఆరిపోతే ఇది ఎక్కడ పడుతుంది? ఆ జవాబును ఒక కలం పెద్ద కాగితం మీద గీస్తూ పోతుంది. కాగితం మీద తీరం ఉంటుంది, సముద్రం ఉంటుంది, కలం పోవలసిన దారికి రెండు పక్కలా రెండు ఎర్రగీతలు ఉంటాయి. కలం ఎర్రగీత దాటిందంటే రాకెట్ దారి తప్పినట్టు. అప్పుడు కుర్చీలో కూర్చున్న మనిషి "దాటింది" అనాలి, తాళంచెవి తిప్పాలి, మీట నొక్కాలి. పైనెక్కడో రాకెట్ ముక్కలై, ముందే మనుషుల్ని ఖాళీ చేయించిన నీళ్ళలో పడుతుంది. దాన్ని వాళ్ళు కొయ్యడం అంటారు. కుర్చీలో కూర్చునేది కత్తెర.

ఆ కలానికి ఆత్రం ఎక్కువ. గీత దగ్గరకు వచ్చేసరికి వణుకుతుంది. కోసేశాక కూడా తెగిన బల్లితోకలా కాసేపు కదులుతూనే ఉంటుంది. అందుకని ఎక్కడ దాటిందో కాగితాన్ని అడగరు, కుర్చీలో మనిషినే అడుగుతారు. అతను "దాటింది" అన్న క్షణాన కలం సరిగ్గా గీత మీద ఉన్నట్టు లెక్క. ముక్కలు ఏ నీళ్ళలో పడతాయన్న లెక్కలన్నీ ఆ మాట దగ్గర మొదలవుతాయి. నిండా యంత్రాలు నింపిన ఆ భవనంలో ఒక్క మనిషి మాటను గడియారంలా నమ్మేది ఆ గదిలోనే.

అతని తండ్రి రైలు గేటు కాపలాదారు. గంట మోగిందంటే గేటు దిగాల్సిందే. అవతల పెళ్ళికొడుకు ఉన్నా సరే, పురిటినొప్పులు పడుతున్న ఆడమనిషి ఉన్నా సరే. తిట్లు తినడం తమ ఇంట్లో వంశపారంపర్యం అని అతను నవ్వుతూ చెప్పేవాడు. సాధన రోజుల్లో దొంగ ప్రయోగాలు నడిపేవాళ్ళు. లేని రాకెట్ లేచేది, లేని గాలికి పక్కకు ఒరిగేది. అతని మాట ఎప్పుడూ ఆలస్యం కాలేదు. అతని వెనక రెండో కుర్చీలో కూర్చునే కుర్రాడికి మాత్రం చెయ్యి దురుసు. ఒకసారి చక్కగా పోతున్నదాన్ని కూడా కోసేశాడు. "పండు పండక ముందే కోసేశావు గదయ్యా" అన్నాడు గదికి పెద్దాయన. అందరూ నవ్వారు. ఆ నవ్వు కత్తెర మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఎందుకంటే ఆ ఏడు వెళ్ళబోయే ఉపగ్రహంలో అతని బావ చెయ్యి ఉంది.

కత్తెర అక్క ఇంట్లోనే మేడ మీది గదిలో ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "నాకు తగ్గ సంబంధం కక్ష్యలో ఉంది, ఇంకా దిగలేదు" అనేవాడు. కింద అక్క, బావ, వాళ్ళ చిన్నపిల్ల. బావ పని ఉపగ్రహం నెత్తిన ఉండే పెద్ద గొడుగు. ముడుచుకుని రాకెట్‌లో కూర్చుని, పైకి వెళ్ళాక విచ్చుకుని, తీగలు వెయ్యలేని దీవులకూ కొండలకూ టెలిఫోను మాట మొయ్యాలి అది. ఏళ్ళ తరబడి ఆయన భోజనాల బల్ల మీద కాగితాలు మడుస్తూ విప్పుతూ ఉండేవాడు. పళ్ళెం పెట్టడానికి చోటుండేది కాదు.

"నాకు పెళ్ళయింది ఈయనతో కాదురా, ఆ గొడుగుతో" అనేది అక్క.

"వానొస్తే తెలుస్తుందే నా విలువ" అనేవాడు బావ. "ఏరా బామ్మర్దీ, నీ గదిలోంచి నా గొడుగు పోయేటప్పుడు కాస్త చూసుకోరా. దిష్టి తగలకుండా."

"నేను చూసేది కాగితం బావా. గొడుగు కనపడదు."

"కాగితమే చూడు. కోపం మాత్రం చూపించకు."

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి ప్రయోగానికీ ముందు పెద్దాయన ఒక్కొక్కరి కళ్ళలోకి చూసి అడుగుతాడు: "మీ ఇంట్లోవాళ్ళ చెయ్యి దాని మీద ఉందా?" ఉంటే ఆ మనిషి కుర్చీ రెండోవాడికి ఇచ్చి, బయటకు వెళ్ళి అందరితోపాటు ఆకాశం చూడొచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ ఈసారి రెండోవాడంటే ఆ చెయ్యి దురుసు కుర్రాడు. కలం ఒక్కసారి వణికితే చాలు, వాడు కోసేస్తాడు. బావ జీవితం వాడి వేలి కింద ఉంటుంది.

ప్రయోగం దగ్గరపడుతుండగా కత్తెర ఒక చిన్న పొయ్యి కొని మేడ మీద పెట్టుకున్నాడు. గిన్నె, గరిటె, రెండు పళ్ళేలు. అక్క మెట్ల మీదే నిలబడిపోయింది.

"ఏంట్రా ఇది? నా చేతి వంట చేదయిందా?"

"అది కాదక్కా. టీ కోసం."

"టీ కోసం గరిటెందుకు?"

అతను గరిటెను గిన్నె చాటున పెట్టేశాడు. పొయ్యి వేరైతే ఇల్లు వేరు. అందరూ అనే మాటే. అతను దాన్ని నాలుక కింద దాచుకుని తిరిగాడు.

ప్రయోగం రోజు ఉదయం పెద్దాయన అడిగినప్పుడు, "మా ఇంట్లో ఎవరూ లేరు సార్" అన్నాడు. మాట తేలిగ్గా వచ్చింది. ఉపగ్రహం చేసేవాళ్ళ విభాగం వేరు, ఆ గదిలో ఎవరికీ బావ సంగతి తెలియదు. మేడ మీద అతని ఇంట్లో అతను తప్ప నిజంగానే ఎవరూ లేరు. ఇలాంటి తెలివి తనకు ఎక్కడి నుంచి వచ్చిందా అని కుర్చీలో కూర్చుంటూ ఆశ్చర్యపోయాడు.

రాకెట్ లేచింది. ఆ గదికి దాని ఉరుము రాదు, అరికాళ్ళ కింద నేల కాస్త జలదరిస్తుంది, అంతే. కలం బయల్దేరింది. చాలాసేపు కుట్టుపనిలో దారంలా తిన్నగా పోయింది. తర్వాత నిద్రలో పిల్ల పక్కకు తిరిగినట్టు కొంచెం ఒరిగింది. వెనక కుర్చీలోంచి కుర్రాడు "ఒరుగుతోంది" అన్నాడు. కత్తెర చెయ్యి తాళంచెవి మీద ఉంది. కలం ఎర్రగీత దగ్గరకొచ్చింది, వణికింది, దాటింది.

దాటడం అతను చూశాడు. వణుకుకీ దాటడానికీ తేడా తెలియని మనిషి కాదు. "దాటింది" అన్న మాట గొంతులోకి వచ్చింది, పళ్ళ వెనక నిలబడింది. అక్కడ అతను దాన్ని ఆపాడు. భోజనాల బల్ల మీద కాగితం గొడుగు విప్పుతున్న బావ వేళ్ళు కనిపించాయి. తిరుగు తల్లీ, అనుకున్నాడు. ఇటు తిరుగు. నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి ఇటు తిరుగు. అది ఆలోచించడం కాదు, లెక్క వెయ్యడం కాదు, బతిమాలడం. కలం తిరగలేదు. నీలిరంగు పూసిన కాగితం మీద, తీరం వైపుగా, మనుషుల్ని ఖాళీ చేయించని నీళ్ళ మీదికి మెల్లగా నడుచుకుంటూ పోయింది.

"దాటింది" అన్నాడు అప్పుడు. తాళంచెవి తిప్పాడు. నొక్కాడు.

చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లలో మిగతా గదుల మాటలన్నీ ఆగిపోయాయి. అంతసేపూ వినిపిస్తున్నదంతా మాటలేనని అప్పుడు తెలిసింది.

*

ఇంటికి వచ్చేసరికి కింద తలుపు దగ్గరగా వేసి ఉంది. మేనకోడలు మెట్ల మీద కూర్చుని ఉంది.

"మావయ్యా, నువ్వే పేల్చేశావటగా?"

"ఎవరన్నారే?"

"అందరూ. విరిగిపోతే నాన్న అతికించేవాడుగా. నువ్వెందుకు పేల్చావ్?"

లోపలి నుంచి అక్క "ఏయ్, లోపలికి రా" అంది. పిల్లను పిలిచింది, తమ్ముణ్ణి పిలవలేదు.

మర్నాడు బావ పెరట్లో కుళాయి దగ్గర ఎదురుపడ్డాడు. గడ్డం మాసింది. ఎప్పటిలా "ఏరా" అంటాడని కత్తెర ఆగాడు. బావ తువ్వాలు భుజం మీద వేసుకుని, "టీ తాగారా?" అన్నాడు.

మీరు. ఇన్నేళ్ళలో తిట్టినా అరిచినా ఎప్పుడూ రాని ఆ మర్యాద చెంప మీద కొట్టినట్టు తగిలింది. "తాగాను బావా" అన్నాడు. తాగలేదు. ఆ రోజు నుంచి బావ నోట ప్రతి మాటా చేతులు కట్టుకుని వచ్చేది. వస్తున్నారా, వెళ్తున్నారా, కాస్త పక్కకు జరుగుతారా. అక్క మధ్యలో నిలబడి ఇద్దరి ముఖాలూ చూసి వంటింట్లోకి పోయేది. ఒకసారి మాత్రం, ఎవరూ లేనప్పుడు, "కొంచెం ఆగకూడదట్రా?" అంది. "ఒక్క నిమిషం ఆగితే సర్దుకునేదేమోనని ఈయన కుమిలిపోతున్నారు."

అతనికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏదీ బయటకు రాలేదు. ఆగినందుకు లోపల కుళ్ళిపోతున్న మనిషిని ఆగనందుకు నిందిస్తోంది ఇల్లంతా.

విచారణ మర్యాదగానే జరిగింది. మంచినీళ్ళ గ్లాసు పెట్టారు. "మీరు దాటింది అన్నప్పుడు కలం గీత మీదే ఉంది కదా?" అని అడిగారు. "ఉందండి" అన్నాడు. వాళ్ళు తలలూపారు. రాకెట్‌లో ఏదో కవాటం బిగుసుకుపోయిందని తేలింది. ఉపగ్రహం ఎలాగూ దక్కేది కాదు, కోసినా కొయ్యకపోయినా. కుర్చీలో మనిషి తన పని చేశాడని రాశారు. పెద్దాయన భుజం తట్టాడు. ఆ తట్టిన చోట చాలాసేపు చురుక్కుమంది.

ఆ తర్వాత పేపర్లో ఒక మూల చిన్న వార్త కనబడింది. రాకెట్ ముక్క తగిలి పడవ తెరచాప కొయ్య విరిగింది, జాలరి ఒకతను గాయపడ్డాడు. నిషేధించిన నీళ్ళలోకి వెళ్ళినందుకు అతని వేట అనుమతి రద్దు చెయ్యబోతున్నారు.

కత్తెర ఆ వార్త రెండోసారి చదవలేదు. అవసరం లేకపోయింది. కాగితం మీద కలం నడుచుకుంటూ పోయిన చోటు అతనికి కళ్ళు మూసినా తెరిచినా కనబడుతూనే ఉంది.

*

ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు పొడుగ్గా, తెల్లగా, మందు వాసనతో ఉంది. చివరి మంచం మీద ఎండకు నల్లబడ్డ పెద్ద వయసు మనిషి. కుడిచెయ్యి భుజం నుంచి వేళ్ళ దాకా కట్టు. పక్కన భార్య బత్తాయి ఒలుస్తోంది.

"ఎవరు బాబూ? కేంద్రం నుంచా?" అన్నాడు జాలరి అతని చొక్కాకు ఉన్న బిళ్ళ చూసి. "ఇంకో సంతకమా? చెయ్యి ఇదిగో ఇలా ఉంది. వేలిముద్ర కావాలంటే కాలిది తీసుకో."

"సంతకం కాదు. ఊరికే చూసిపోదామని."

"చూడు మరి. దీనికి టికెట్టేం లేదు."

"నువ్వు ఊరుకో" అంది భార్య. "కూర్చో బాబూ. మూడు కాళ్ళ స్టూలు అది, కాస్త జాగ్రత్త."

కత్తెర జాగ్రత్తగా కూర్చున్నాడు. "నొప్పి ఎలా ఉంది?" అన్నాడు.

"నొప్పికేం, నాకంటే ఆరోగ్యంగా ఉంది. అది కాదు బాబూ నా బాధ. మీవాళ్ళు పసుపు బుడగలు కట్టారు గదా సముద్రంలో, ఇటు రావద్దని. నేను వాటికి ఇవతలే ఉన్నా. ఆ బుడగల్ని చూస్తూనే వల దులుపుతున్నా. మెరుపులా ఏదో పడింది, కొయ్య విరిగింది, నా మీద పడింది. లేచి చూస్తే బుడగలు అక్కడే ఉన్నాయి, నేను ఇక్కడే ఉన్నా. మీవాళ్ళొచ్చి నువ్వు లోపలున్నావంటారు. ఎలా అంటే, లెక్క ప్రకారం ముక్కలన్నీ లోపలే పడాలి, నీకు తగిలింది కాబట్టి నువ్వు లోపలున్నట్టే అంటారు."

"అరవకు, కుట్లు పిగులుతాయి" అంది భార్య.

"పిగలనీ. చెయ్యి అతుక్కుంటుందే. పడవ లేకపోతే అతుక్కున్న చేత్తో ఏం చెయ్యను, చప్పట్లు కొట్టనా?"

పక్క మంచం మీది మనిషి ఫక్కున నవ్వాడు. జాలరి కూడా నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారింది. భార్య వీపు నిమిరింది. కత్తెర తెచ్చిన పళ్ళ సంచీ ఒళ్ళోనే మర్చిపోయి కూర్చున్నాడు. లేచేటప్పుడు గుర్తొచ్చి, మంచం పక్కన పెట్టాడు.

"నీ పేరేంటి బాబూ?" అంది ఆమె.

అతను పేరు చెప్పాడు. ఎప్పుడూ ఎవరికీ చెప్పే అలవాటు లేని ఆ అసలు పేరు, ఎవరిదో అద్దెకు తెచ్చుకున్నట్టు పలికింది.

*

సాయంత్రం వెలుతురు పెరటి గోడ మీద సన్నగా నిలబడి ఉంది. బావ గట్టు మీద కూర్చుని ఏమీ చెయ్యకుండా ఉన్నాడు. ఆయన చేతులు ఊరికే ఉండటం కత్తెర ఎప్పుడూ చూడలేదు. వాటిని చూస్తే పనిలోంచి తీసేసిన మనుషుల్లా ఉన్నాయి.

"బావా, ఒక మాట."

"చెప్పండి."

"నేను వెంటనే కొయ్యలేదు. దాటింది బావా. నేను చూశాను. చూసి కూడా మాట బయటకు రానివ్వలేదు. తిరుగుతుందేమోనని ఆగాను."

బావ తలెత్తాడు.

"ఆగావా?"

"ఆగాను."

"నాకోసం ఆగావా? ఏరా... నాకోసం ఆగావట్రా?" బావ లేచి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. రాకెట్ పడిపోయిన రోజు నుంచి ఏడవని మనిషి, బామ్మర్ది భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఇన్నాళ్ళూ నిన్ను... ఛ, మనిషినా నేను. ఒక్క మాట చెప్పొద్దట్రా?"

పోయిన 'ఏరా' తిరిగి వచ్చింది. ఎన్ని రోజులుగా దాని కోసం చెవులు కోసుకున్నాడో, అది వచ్చేసరికి నిలబడలేకపోయాడు. ఏ తప్పుకు తను నిద్రపోవడం లేదో ఆ తప్పునే ఒక మనిషి గుండెకు హత్తుకుంటున్నాడు. ఇంతకంటే బావ చెయ్యి చేసుకున్నా బాగుండేది.

"అది కాదు బావా. నేను ఆగినంతసేపు అది పోతూనే ఉంది. బుడగలు దాటి పోయింది. అక్కడ పడవ ఉంది."

ఆసుపత్రి సంగతి చెప్పాడు. బావ చేతులు మెల్లగా వదులయ్యాయి. అక్క ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది.

"చూద్దాం లేరా" అన్నాడు బావ ముఖం తుడుచుకుంటూ. "ఆయనకి మనం ఏదో ఒకటి చేద్దాం. పడవ బాగుచేయిద్దాం. కానీ ఈ మాట మాత్రం ఎక్కడా అనకు. నీ కుర్చీ పోతుంది. అది పోతే పోనీ. రెండో ఉపగ్రహం మొదలుపెడుతున్నాం. నా బామ్మర్ది కుర్చీలో ఉన్నాడని తెలిస్తే నన్ను దాని దరిదాపులకి రానివ్వరు. నువ్వూ నేనూ మాట్లాడుకుని చేశామంటారు."

"మాట్లాడుకోలేదుగా."

"ఎవడు నమ్ముతాడ్రా?"

"మరి ఆయన మాటా ఎవరూ నమ్మడం లేదు బావా."

అక్క ముందుకు వచ్చింది. తమ్ముడి వైపు చూసింది, కానీ మాట వేరే చోట మొదలైంది.

"పైన ఆ పొయ్యి అందుకా పెట్టావు?"

అతను తల దించుకున్నాడు.

"నా వంట చేదయిందేమోనని ఎన్ని రోజులు ఏడ్చానో తెలుసా నీకు? మాతో సంబంధం లేదని చెప్పడానికి పొయ్యి కొన్నావన్నమాట."

"అక్కా..."

"నువ్వు మాట్లాడకు." ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, మీకు గొడుగు పోయింది. బాధే. నాకు తెలీదా. కానీ ఆ మనిషి చెయ్యి విరగ్గొట్టి, పడవ కూడా మనమే లాక్కుంటే ఎలా?" తర్వాత తమ్ముడితో, "వెళ్ళి చెప్పు" అంది. "చెప్పి వచ్చాక కిందే భోంచెయ్యి."

బావ లోపలికి వెళ్ళిపోయాడు.

*

పెద్దాయన సాధన గదిలో ఒక్కడే ఉన్నాడు. కత్తెర చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పూర్తయ్యేదాకా మళ్ళీ పెట్టుకోలేదు.

"ఆ రోజు నిన్ను అడిగాను" అన్నాడు చివరికి. "మీ ఇంట్లోవాళ్ళ చెయ్యి ఉందా అని."

"ఉంది సార్. మా బావ."

"ఇప్పుడు చెప్తున్నావు."

"అవును సార్."

"ఆయనా నువ్వూ ముందే అనుకున్నారా?"

"లేదు సార్. ఆయనకి నిన్నటిదాకా తెలీదు. ఆయన నాతో మునుపటిలా మాట్లాడటమే మానేశాడు, కోసేశానని."

పెద్దాయన లేచి, గోడవారన చుట్టి పెట్టిన ఆ రోజు కాగితం తీసి బల్ల మీద పరిచాడు. అంచులు ముడుచుకుపోతుంటే నాలుగు మూలలా చేతికి దొరికినవి పెట్టాడు, టీ కప్పు, రాయి, తాళాల గుత్తి, తన కళ్ళజోడు. పెన్సిలు చేతికిచ్చాడు.

"నువ్వు నోరు తెరిచినప్పుడు కలం ఎక్కడుంది?"

కలం గీసిన ఇంకు ఎండి నల్లగా ఉంది. ఎర్రగీత దాటి, పసుపు బుడగలకు గుర్తుగా పెట్టిన చుక్కల వరుసను దాటి, తోక వరకూ ఎక్కడా తెగకుండా సాగింది. ఎక్కడ మాట పుట్టిందో చూసేవాళ్ళకు తెలియదు. అతనికి తెలుసు. పెన్సిలు ములుకు కాగితం మీద ఆనించి గుర్తు పెట్టాడు. గీతకూ ఆ గుర్తుకూ మధ్య ఒక అరచెయ్యి పట్టేంత నీలం ఉంది.

పెద్దాయన ఆ నీలం మీద తన అరచెయ్యి పెట్టి కొలిచాడు.

"ఇన్నేళ్ళ సాధనలో ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదయ్యా నువ్వు" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "నీ మాట గడియారం అనుకున్నాం."

మాటలు బయటపడ్డాక పనులు వాటంతట అవే నడిచాయి. జాలరి బుడగలకు బయటే ఉన్నాడని తేల్చారు. అతని అనుమతి అలాగే ఉంచారు, విరిగిన కొయ్యకు కేంద్రమే కొత్తది వేయిస్తానంది. కత్తెరను కుర్చీ నుంచి తీసి గిడ్డంగికి పంపారు. గదిలో ఆ కట్టుబాటు మాటను మార్చారు. ఇప్పుడు పెద్దాయన "మీ వాళ్ళెవరైనా" అని అడుగుతాడు, ఇంట్లో బయట అన్న తేడా లేకుండా. బావను రెండో ఉపగ్రహానికి దూరంగా, పాత పరికరాల మరమ్మతు విభాగంలో వేశారు. ఇద్దరూ ముందే అనుకోలేదని పెద్దాయన నమ్మాడు. పైవాళ్ళు నమ్మీ నమ్మనట్టు ఊరుకున్నారు.

మేడ మీది పొయ్యిని అక్క తనే కిందికి దింపి, పాత సామాన్లవాడికి వేసేసింది. కింద భోజనాల బల్ల ఖాళీగా ఉంది, ఎన్ని పళ్ళేలు కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు. కత్తెర వచ్చి కూర్చున్నాడు. బావ నీళ్ళ చెంబు అతని వైపు జరిపాడు.

"ఇంకొంచెం వడ్డించుకోండి" అన్నాడు.

అక్క గరిటె పట్టుకుని అలాగే ఆగింది. అతను వడ్డించుకున్నాడు.

*

జాలరి ఆసుపత్రి నుంచి వచ్చాడని విని కత్తెర తీరానికి వెళ్ళాడు. జాలరికి ఇచ్చిన కాగితాల్లో ఎవరి పేరూ లేదు. ఏదో లెక్క తప్పిందని మాత్రమే ఆయనకు చెప్పారు. కొత్త కొయ్య పసుపుపచ్చగా, ఇంకా ఉప్పు తెలియని పచ్చి వాసనతో నిలబడి ఉంది. జాలరి కట్టు చెయ్యి మెడకు తగిలించుకుని, ఎడమచేత్తో ముడులు బిగిస్తున్నాడు. నోటితో ఒక కొస పట్టుకున్నాడు.

"ఓ, పళ్ళ బాబూ" అన్నాడు తాడు వదిలి. "నీ కాలు మంచిది. నువ్వొచ్చి వెళ్ళాక పడవ దక్కింది."

కత్తెర నిలబడే చెప్పాడు. కుర్చీ, గీత, మాట. గొడుగు సంగతి కూడా చెప్పాడు, అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదని. జాలరి మధ్యలో ఆపలేదు. గాలికి తెరచాప ఒకసారి ఉబ్బి, వాలింది.

"అంటే నా చెయ్యి విరగ్గొట్టింది నువ్వా?"

"అవును."

"పళ్ళు తెచ్చిన రోజు కూడా తెలుసా నీకు?"

"తెలుసు."

"మా ఆవిడ నిన్ను స్టూలు జాగ్రత్తని కూర్చోబెట్టింది." జాలరి ఇసకలో ఉమ్మాడు. "చేసిన పాపం చెబితే పోతుందంటారు. నీకు పోయిందా?"

కత్తెర ఆలోచించాడు. "లేదు" అన్నాడు.

"పోదు. ఎందుకు పోతుంది? నాకు చెయ్యి వచ్చిందా?" ముడి ఒకటి తడిమి చూసి, "మీ బావ ఎలా ఉన్నాడు?" అన్నాడు.

"మాట్లాడుతున్నాడు. మర్యాదగా."

"అయ్యో" అన్నాడు జాలరి. ఆ మాట వెటకారమో జాలో అతనికి తెలియలేదు.

పడవ నీళ్ళలోకి దింపాల్సి ఉంది. రోజూ సాయం వచ్చే వాళ్ళు ఇంకా రాలేదు. ఆటు మొదలై నీళ్ళు వెనక్కి తీసే వేళయింది. జాలరి అటూ ఇటూ చూసి, పడవ వెనక కట్టి, ఇసకలో పాతిన గెడకు చుట్టి ఉన్న లావుపాటి తాడు కొసను కాలితో అతని వైపు తన్నాడు.

"పట్టుకో. వాలు మీంచి జారుతుంది, ఈ తాడే ఆపాలి. నేను వదులు అన్నప్పుడు వదలాలి. ముందు కాదు, తర్వాత కాదు. అంత మాత్రం వచ్చా?"

"వచ్చు" అన్నాడు కత్తెర.

"అది నేను చూడాలిగా."

జాలరి పడవ ముక్కు దగ్గరకు వెళ్ళి, మంచి చేత్తో పడవకు అడ్డం పెట్టిన దుంగ లాగేశాడు. పడవ కదిలింది. తాడు ఒక్కసారిగా బిగిసి, అరచేతుల్లోంచి జారబోయి, నిలబడింది. చర్మం భగ్గుమంది. మడమలు ఇసకలోకి దిగబడ్డాయి. పడవ బరువంతా మోచేతుల్లోకి, భుజాల్లోకి, మెడలోకి ఎక్కి వచ్చింది. జాలరి ఇటు చూడటం లేదు. నడుం లోతు నీళ్ళలో నిలబడి, ఎదురొచ్చే అలల్ని ఒక్కొక్కదాన్నే పరీక్షగా చూసి పోనిస్తున్నాడు. ఏ అలకు 'వదులు' అన్న మాట వస్తుందో అతనికే తెలుసు.

కత్తెర తాడు పట్టుకుని, ఆ వీపు వైపు చెవులు పెట్టి నిలబడ్డాడు.